చిక్కుడుకాయ పగ

కుంజా ముత్తక్కకు కోపమొస్తే ముందుగా తెలిసేది గిన్నెలకు. ఆమె మూత పెట్టిందంటే ఆ చప్పుడు తరగతి గదుల్లోకి వినబడాల్సిందే. పిల్లలు లెక్కలు ఆపేసి ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. "ఇయ్యాల ముత్తక్క జోలికి పోవద్దుర్రా" అని గుసగుసలాడుకునేవారు. అయితే ఆ కోపాలన్నీ అన్నం వార్చేలోపు చల్లారిపోయేవి. చల్లారని కోపం ఆమెకు బతుకులో ఒక్కసారే వచ్చింది. దానికి కారణం చిక్కుడుకాయ కూర. నవ్వొస్తే నవ్వుకోండి గానీ, ముత్తక్క ముందర మాత్రం నవ్వకండి.

దమ్మపేట దాటి కొంత దూరం పోతే పామాయిల్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలవుతాయి. ఆ మలుపులోనే ఉంది విత్తనం బడి. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. పొద్దున లేవగానే పలక కాదు, పార పట్టుకుంటారు. సైన్సు పాఠం సగం మడిలోనే అయిపోతుంది. మధ్యాహ్నం బట్టల మీద పూలు కుట్టడం, మట్టిబొమ్మలు, డోలు, నాటకం. ఆ బడి పెట్టిన ఉదయ్ భాస్కర్ ఖమ్మంలో కాలేజీ ఉద్యోగం వదిలేసి వచ్చిన మనిషి. చెప్పుల్లేకుండా తిరుగుతాడు, మాట మొదలుపెడితే ఆపడు. "మంచోడే, కాకపోతే నోటికి గొళ్ళెం లేదు" అనేది ముత్తక్క మొదట్లో.

బడి ఉన్న నేల ఒకప్పుడు ముత్తక్క వాళ్ళ కోయ గూడెం పోడు చేసుకున్న నేల. బడి కోసం గూడెం దాన్ని ఇచ్చింది. ముత్తక్క భర్త జ్వరమొచ్చి భద్రాచలం దవాఖానాకు పోయే దారిలోనే చనిపోయాడు. చంకలో పసిపిల్ల వనజతో, బడి గోడలకు మట్టి మొయ్యడానికి వచ్చింది ముత్తక్క. గోడలు లేచాక వంటింట్లో చేరింది. వనజ పెద్దదై అదే బడిలో చదువుకు కూర్చుంది. బడి పాట పాడుకుంటూ కూతురు గేటు లోపలికి పోతుంటే పొయ్యి దగ్గర నిలబడి చూసేది తల్లి. పాలు పొంగిపోయిన రోజులూ ఉన్నాయి.

ఆ బడికి రెండు కట్టుబాట్లున్నాయి. చేరిన ప్రతి పిల్లకూ సొంతంగా ఒక మడి ఇస్తారు. అందులో ఏం వెయ్యాలో, ఎప్పుడు కొయ్యాలో ఆ పిల్ల ఇష్టం. ఇంకొకరు, సారయినా సరే, ఆకు కూడా తుంచకూడదు. రెండోది శనివారం సభ. అందరూ గుండ్రంగా నేల మీద కూర్చుంటారు. ఎవరి మీదైనా ఎవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చు. సారు మీద పిల్లలు చెయ్యొచ్చు, వంటమనిషీ చెయ్యొచ్చు. సభలో ఇచ్చిన మాట తప్పకూడదు. ఇవి రెండూ ఉదయ్ భాస్కర్ పెట్టినవే. ఇక గూడెం కట్టుబాటు సంగతికొస్తే అది ఎవరు పెట్టారో గూడెంలో ముసలివాళ్ళకు కూడా తెలియదు. తమ నేల మీద కాసిన కొత్త కాయను ముత్యాలమ్మకు పెట్టి 'కొత్త' పండగ చేసుకోకుండా నోట్లో పెట్టకూడదు. చిక్కుడైనా, గుమ్మడైనా, కొత్త బియ్యమైనా అంతే. సంతలో కొన్న బయటి కాయ వేరు. తమ పొలిమేరలో కాసింది వేరు. బడి నేల కూడా ఆ పొలిమేర లోపలిదే.

ఆ ఏడు చలికాలంలో బడిని చూడ్డానికి హైదరాబాదు నుంచి పెద్దమనుషులు వస్తున్నారని హడావుడి మొదలైంది. పొద్దున్నే ముత్తక్క వంటింట్లోకి వచ్చేసరికి గంప నిండా లేత చిక్కుడుకాయలున్నాయి. ముత్తక్క అక్కడే ఆగిపోయింది. గూడెంలో ఇంకా కొత్త కాలేదు.

"ఇవెక్కడియి సారూ?"

"సంతవి ముత్తక్కా. సత్తుపల్లి నుంచి తెప్పించాను" అన్నాడు ఉదయ్ భాస్కర్.

ఆమె ఆ మాట నమ్మింది. సారు మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతుంది? కాయలు తుంచి, నువ్వులపొడి కొట్టి కూర చేసింది. వచ్చినవాళ్ళు వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. గూడెం పిల్లలూ తిన్నారు. కూర బాగుందన్నారని ఉప్పొంగిపోయింది ముత్తక్క, పిచ్చిది!

సెలవుకు ఇళ్ళకెళ్ళిన పిల్లలు నోరు మూసుకుంటారా? చిక్కుడు తిన్నామని చెప్పారు. వనజ మడిలో తీగ ఖాళీగా ఉందని కూడా చెప్పారు. అంతే, గూడెం భగ్గుమంది. అదే నెలలో ఊళ్ళో రెండు ఎడ్లు కాళ్ళు చాపాయి. ముత్తక్కను ముత్యాలమ్మ గద్దె ముందుకు పిలిపించారు. ఊరిపెద్ద గోపాలు ఆమెకు వరసకు మామ. మాటలో ఎప్పుడూ గట్టిదనమే తప్ప అరుపు ఉండదు.

"కొత్త కాకముందే మన కాయ వండి మన పిల్లలకే పెట్టినవంట. నిజమేనా?"

"సంత కాయ అని చెప్పిండు మామా సారు. నాకు తెల్వదు. తల్లి మీద ఒట్టు."

గోపాలు తీర్పు చెప్పాడు. "తెల్వక వండిన చెయ్యి వేరు, తెలిసి కోసిన చెయ్యి వేరు. కోసినోళ్ళెవరో విత్తనాల పండగ నాడు వచ్చి తల్లి ముందట ఒప్పుకుంటే నీ తప్పు పోతది, నీ విత్తనం కలుపుతం. కోసిన చెయ్యి మాత్రం ఇంకెన్నటికీ ఊరి విత్తనంల పడొద్దు. అందాక నువ్వు దూరంగుండు."

దూరంగుండు అంటే మాటలు కాదు. ఎండాకాలం చివర, వానలకు ముందు విత్తనాల పండగ చేస్తారు. ఇంటికో పిడికెడు చొప్పున విత్తనం తెచ్చి గద్దె ముందు కుప్ప పోస్తారు. అన్నీ కలిపేసి మళ్ళీ ఇంటింటికీ పంచుతారు. పంచిన ఆ గింజనే ముందు చల్లుతారు. అందులో గింజ కలవని ఇంటికి ఎవరూ నాటుకు రారు, నాటుకు పిలవరు. చావుకూ పెళ్ళికీ పక్కన కూర్చోరు. ముత్తక్క తన ముత్తాతల నేల మీద పరాయిదైపోయింది. చిక్కుడు కొత్త పండగ జరిగిన రోజు డోలు చప్పుడు వింటూ గడపలో కూర్చుంది. ఒక్కళ్ళు రమ్మనలేదు. ఆ రోజే అనుకుంది: వీణ్ణి ఊరికే వదలను. నా వాళ్ళ ముందు నన్ను తల దించుకునేలా చేశాడు, నా వాళ్ళ ముందే వీడి తల దించాలి.

పగ పట్టిన మనిషికి పని తోచకుండా ఉండదు. మర్నాటి నుంచి సారు కంచంలో అడుగంటిన అన్నమే పడేది. పెరుగులో నీళ్ళెక్కువ, పప్పులో ఉప్పెక్కువ. నల్లగా మాడిన పెచ్చులు ఏరి మరీ వడ్డించేది. ఉదయ్ భాస్కర్ ఒక్క మాట అనకుండా, నీళ్ళు తాగుతూ, అంతా తినేవాడు. అదింకా మండించేది ఆమెను. 'ఒక్కసారి అడుగు, ఎందుకిట్ల చేస్తున్నవని అడుగు, అప్పుడు చెప్తా నీ సంగతి' అని గరిటె పట్టుకుని కాచుకునేది. వాడు అడిగేవాడు కాదు.

పిల్లలకు కుట్టుపని నేర్పే దిల్షాద్ సత్తుపల్లి దర్జీల ఇంటి ఆడపిల్ల. వంటింటి అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ ఇదంతా చూసేది.

"అరే ముత్తక్కా, గింత గుస్సా పనికిరాదు. సారు పాపం చిక్కి సగమైండు. మాఫ్ చెయ్యరాదూ?"

"నీకేంది దిల్షాదూ, చెప్తవు. రంజాను నాడు మీ ఇంట్ల నిన్నొక్కదాన్ని బయట కూసోబెట్టి తలుపేసుకుంటే అప్పుడు చెప్పు మాఫీ ముచ్చట."

దిల్షాద్ సూది బట్టకు గుచ్చి పక్కన పెట్టింది. "పోనీ సభల అడుగు. కుల్లం కుల్లా అడుగు. గీ మాడు పెట్టుడెందుకు?" అంది.

ముత్తక్కకు ఆ మాట బాగా తలకెక్కింది. ఇన్నేళ్ళలో ఆమె సభలో నోరు విప్పలేదు. ఆ శనివారం పొయ్యి ఆర్పి, చేతులు చీరకు తుడుచుకుని, పిల్లల మధ్యలోంచి దారి చేసుకుంటూ పోయి నడుమ నిలబడింది.

"సారు మీద నాది ఫిర్యాదు."

ఉదయ్ భాస్కర్ లేచి వచ్చి ఎదురుగా నిలుచున్నాడు.

"చిక్కుడుకాయ సంతది అని నాతోని చెప్పినవా లేదా?"

"చెప్పాను."

"గది అబద్ధమా కాదా?"

"అబద్ధమే ముత్తక్కా."

చిన్నపిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. సారు నోట ఆ మాట వాళ్ళెప్పుడూ వినలేదు. ముత్తక్కకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇన్నాళ్ళ మంట మీద ఎవరో కుండెడు నీళ్ళు కుమ్మరించినట్టుంది. ఇంకా కావాలనిపించింది.

"పిల్లల మడిల చెయ్యి పెట్టొద్దని నువ్వే చెప్తివి. నా బిడ్డ మడిల చెయ్యెట్ల పెట్టినవు? ఎవరు కోసిండ్రు కాయ?"

"ఆ మాట ఇక్కడ అడగొద్దు" అన్నాడు ఉదయ్ భాస్కర్ మెల్లగా.

"ఎందుకు అడగొద్దు? నామోషీనా? సరే, ఇక్కడ చెప్పకు. విత్తనాల పండగ నాడు మా తల్లి ముందటికి వచ్చి చెప్పు. ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క దాచకుంట చెప్పాలె. చెప్తవా? పిల్లలందరు వింటున్నరు, మాటియ్యి."

"వద్దు ముత్తక్కా, నేను వచ్చి తప్పు ఒప్పుకుంటా, అంతవరకు చాలు."

"చాలదు. ఒక్క ముక్క దాచకుంట."

సభలో అడిగితే తప్పించుకోవడానికి లేదు. అది ఆయన పెట్టిన పద్ధతే. చివరికి "మాటిస్తున్నాను" అన్నాడు. ఆడపిల్లల వరసలో కూర్చున్న వనజ గోటితో నేల గీకుతోంది. తల్లికి జరిగిన అవమానానికి పిల్ల ఎంత కుమిలిపోతోందో అనుకుంది ముత్తక్క. పిల్ల కోసమైనా వీణ్ణి విడవకూడదనుకుంది.

ఎండాకాలం సెలవులకు తల్లీకూతుళ్ళు గూడెంలోనే ఉన్నారు. పండగ రోజు ముత్తక్క లేచింది మొదలు ఒకటే సంబరం. ఇల్లు అలికింది. దాచిపెట్టిన జొన్న విత్తనం చేటలో పోసి మట్టిగడ్డలు ఏరింది. తలకు నూనె రాసుకుంది. నలుగురిలో ఉదయ్ భాస్కర్ ఎలా నిలబడతాడు, గోపాలు మామ ఏమంటాడు, తిట్టిపోసిన ఆడవాళ్ళు తన పక్కన ఎలా సర్దుకుని కూర్చుంటారు, అంతా కళ్ళముందు ఆడించుకుని మురిసిపోయింది.

"అమ్మా" అంది వనజ గుంజకు ఆనుకుని. పొద్దుటి నుంచి గంజి కూడా ముట్టలేదు. "సారును రావద్దని చెప్పవే."

"ఎందుకే? జాలా? నా మీద లేని జాలి వాడి మీద పుట్టుకొచ్చిందా?"

"కాదు. కాయ కోసింది నేను."

ముత్తక్క చేతిలో చేట ఆగింది.

"పట్నం నుంచి వచ్చినోళ్ళు నా మడి కాయ తినాలె అనుకున్న. అందరి తీగెల కన్నా నా తీగెకే బాగ కాసింది. మడి నాదే గదా, నా ఇష్టమే గదా అనుకున్న. సారు వద్దన్నడు. మీ అమ్మను అడుగు అన్నడు. నేనే ఏడ్చిన. అమ్మకు చెప్తే వండది, సంత కాయ అని చెప్పుండ్రి సార్ అని కాళ్ళు పట్టుకున్న." పిల్ల వెక్కిళ్ళు పెట్టింది. "ఎడ్లు చచ్చిపోయినంక భయమైంది. చెప్తనంటే సారే వద్దన్నడు. నువ్వు నోరు తెరవకు, నేను చూసుకుంటా అన్నడు."

ముత్తక్క చెయ్యెత్తింది. చెంప పగలగొట్టాలనే ఎత్తింది. పిల్ల తప్పుకోలేదు, కళ్ళు మూసుకుని నిలబడింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. ముందు కూతురి మీద కోపం, ఆ వెంటనే తన మీద, తిరిగి తిరిగి మళ్ళీ ఉదయ్ భాస్కర్ మీదికే వచ్చింది. పసిపిల్ల ఏడిస్తే మాత్రం అబద్ధమాడతాడా ఇంత చదువుకున్నోడు? పైగా నెలల తరబడి మాడన్నం తిని మంచోడైపోయాడా? తనను గయ్యాళిని చేసి, తాను దేవుడైపోయాడా? ఇంతకుముందు ద్వేషించిన దానికంటే ఎక్కువ ద్వేషించింది వాణ్ణి. అయినా ఈ పగ ఇప్పుడు ఏం చేసుకోను? ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క దాచకుండా అని మాట తీసుకున్నది తానే కదా! ఆ మనిషి మాటిస్తే తప్పడు. కోసిన చెయ్యి ఎన్నటికీ ఊరి విత్తనంలో పడొద్దన్నాడు గోపాలు. ఆ చెయ్యి చూస్తే ఇంతుంది. గోళ్ళలో మట్టి కూడా పోలేదు దానికి. ఇంకా ఈ నేల మీద బతకాల్సిన చెయ్యి.

వీధిలో మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది. ఉదయ్ భాస్కర్ వచ్చేశాడు.

"మొహం కడుక్కో. ఏడిసినట్టు కనపడితే చంపుత" అంది ముత్తక్క. చేట కూతురి చేతికిచ్చి బయటికి నడిచింది. ఆయనతో మాట్లాడటానికి సందు దొరకలేదు. గూడెం ఆడామగా అంతా అప్పటికే గద్దె చుట్టూ చేరారు. అన్ని ఇళ్ళ విత్తనం కుప్పగా పోసి ఉంది. డోళ్ళు ఆగాయి.

ఉదయ్ భాస్కర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "సంత కాయ అని ముత్తక్కతో అబద్ధం చెప్పింది నేను. ఆమెకేమీ తెలియదు. తప్పు నాది" అన్నాడు.

జనం గుసగుసలాడారు. ఎన్ని నెలలుగా ఎదురుచూసింది ఈ మాట కోసం! ఇప్పుడది చెవిన పడుతుంటే ముత్తక్కకు భయమే వేసింది తప్ప మంట చల్లారలేదు.

"బాగుంది సారూ. మరి కాయ కోసిందెవరు?" అన్నాడు గోపాలు.

ఉదయ్ భాస్కర్ ముత్తక్క వైపు తిరిగాడు. నిజం చెప్పక తప్పదు, ఏం చెయ్యమంటావని అడుగుతున్నట్టుంది ఆ చూపు. అతని పెదాలు కదిలాయి.

"ఆ మడిలో..."

"నేనే కోసిన" అంది ముత్తక్క.

"ముత్తక్కా!"

"నోర్ముయ్ సారూ! నా తరఫున మాట్లాడొద్దు నువ్వు." ఆమె గొంతు గద్దె దాటి ఇళ్ళదాకా పోయింది. "నేనే కోసిన మామా. తెలిసే కోసిన. పట్నపోళ్ళ ముందట నా బిడ్డ గొప్ప చూపెట్టుకోవాలని కోసిన. సంత కాయ అని సారుతోని చెప్పిచ్చింది కూడా నేనే."

"మరి ఒట్టు పెట్టినవు గదనే? గిన్నాళ్ళు సారు మీద పడి ఎందుకు ఏడిసినవు?" అన్నాడు గోపాలు.

"భయమైంది" అంది. కూతురి మాటే ఆమె నోటికొచ్చింది.

గోపాలు ఆమెను ఎగాదిగా చూశాడు. ఏం అర్థమైందో, ఏం కాలేదో ఆయనకే తెలియాలి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. ఒకామె ఉమ్మేసింది కూడా. ఉదయ్ భాస్కర్ మళ్ళీ నోరు తెరవబోయాడు. ముత్తక్క అతని దగ్గరికి పోయి, అతనికొక్కడికే వినబడేలా అంది.

"నువ్వు నిజం చెప్తే నా బిడ్డ పోతది. చెప్పకుంటే పిల్లలకిచ్చిన మాట పోతది. బడి తెరిచినంక సభల పిల్లలు అడుగుతరు, అంతా చెప్పొచ్చినవా సారూ అని. అప్పుడు ఏం చెప్పుకుంటవో చెప్పుకో. అబద్ధం సులువనుకున్నవు గదా. మొయ్యి ఇగ, బతికినన్నాళ్ళు మొయ్యి."

అతను వెనక్కి తిరిగి గద్దె హద్దు దాటి పోయాడు.

"తెలిసి కోసినంక మాటేముంది?" అన్నాడు గోపాలు. "ముత్తక్క చెయ్యి ఇగ విత్తనంల పడొద్దు. బిడ్డ ఏం పాపం చేసింది? ఇంటి గింజ ఆ పిల్లను తెచ్చి పొయ్యమనుండ్రి."

వనజ చేట పట్టుకుని రాయిలా నిలబడిపోయింది. అందరూ దారిచ్చారు. పిల్ల తల్లిని చూసి తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పేసేలా ఉంది. ముత్తక్క కోయ మాటలో ఒకటే తిట్టు తిట్టింది, చిన్నప్పటి నుంచి ఆ పిల్లను పని మీదికి తోలే తిట్టు. వనజ కదిలింది. గద్దె ముందుకు పోయి, పిడికెడు జొన్నలు తీసి కుప్పలో పోసింది. గోపాలు వంగి రెండు చేతులతో గింజలన్నీ కలిపేశాడు. ఇక ఏ గింజ ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు.

డోళ్ళు మొదలయ్యాయి. ఆడపిల్లలు వనజ నడుం చుట్టూ చేతులు వేసి వరసలోకి లాక్కుపోయారు. ముత్తక్క జనంలోంచి వెనక్కి జరిగి, గద్దె హద్దు దాటి బయట నిలబడింది. అక్కడ అప్పటికే ఉదయ్ భాస్కర్ ఉన్నాడు. ఆమె చెయ్యి వెలిపడింది, అతను పరాయివాడు; ఇద్దరికీ లోపలికి పోయే హక్కు లేదు. అతను తల దించుకుని నేల చూస్తున్నాడు. ముత్తక్క మాత్రం ఆ దించిన తలను తనివితీరా చూసింది.